గుడ్ల ధర్మసభ

పేరుకే అది పెద్ద అడవి. పరుగెత్తలేని దుప్పికి అందులో చోటెక్కడ? చెంగమ్మ అనే దుప్పి మీద కొమ్మ విరిగిపడి వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. పులి ఇంకా ఆ వైపు రాలేదు కాబట్టి బతికుంది, పాపం.

వైద్యుడు వడ్రంగిపిట్ట ఒక మందు కనిపెట్టాడు. పొదగని గుడ్డులోని సారంతో చచ్చుబడ్డ నరాలు మళ్లీ చిగురిస్తాయట. నెమలమ్మ దగ్గర పొదగలేక వదిలేసిన గుడ్లున్నాయి.

"ఎలాగూ మురిగిపోయేవే. తీసుకో నాయనా, చెంగమ్మ లేచి నడిస్తే అంతే చాలు" అంది నెమలమ్మ.

అంతలో ధర్మసభ అడ్డొచ్చింది. సభకి పెద్ద ఉడుము గురువు.

"ఆగండి! గుడ్డులో ప్రాణముంది. చిదిమితే హత్యే!"

"పెట్టిన క్షణం నుంచే ఉంది" అన్నాడు కొంగ గురువు.

"మా శాస్త్రంలో అయితే లోపల గుండె కొట్టుకున్నాకే" అన్నాడు తాబేలు గురువు.

"సంగతి తేలేదాకా గుడ్లు సభ స్వాధీనం" అని ఉడుము తీర్పిచ్చాడు.

ఆ సభకో ఆచారం ఉంది. ఖాళీ కడుపుతో ధర్మం మాట్లాడకూడదు. అందుకని రోజూ ముందు ఫలహారం. ఫలహారమంటే ఆ గుడ్లే, ఉడుముకి పళ్లు ఒంటికి పడవు మరి.

కాళ్లీడ్చుకుంటూ సభకొచ్చిన చెంగమ్మకి అది చూసి ఒళ్లు మండింది.

"ప్రాణముందని మీరేగా అన్నారు గురువుగారూ! మరి మింగుతున్నారే?"

"మింగితే ఆచారం, మందుకి వాడితే ప్రయోగం. ఆచారానికి పాపం అంటదు తల్లీ."

"మరి నా కాళ్లు?"

"నీ కోసం ప్రార్థిస్తాం కదమ్మా, తిన్నాక."

వాదం పెరిగింది, ఉడుము పొట్టా పెరిగింది. ఒకనాడు ఉపన్యాసానికి బండ ఎక్కబోయి ఆ బరువుకి జారిపడ్డాడు. నడుం విరిగింది, వెనక కాళ్లు కదల్లేదు.

"వైద్యుడా, త్వరగా రావయ్యా! ఇప్పుడే తేలింది. పిల్ల బయటికొచ్చి మొదటి పురుగు తిన్నాకే ప్రాణం వస్తుంది. గుడ్డులో ఉన్నది ఒట్టి జిగురే!"

కొంగ, తాబేలు వెంటనే తలూపారు. ఆ సభలో అందరి మాటా ఒకటవడం అదే మొదలు.

వడ్రంగిపిట్ట గుడ్ల బుట్ట బోర్లించాడు. పెంకులు రాలాయి.

"అన్నీ మీ కడుపులోకే పోయాయి గురువుగారూ. నెమలమ్మ మళ్లీ పెట్టాలంటే వానలు పడాలి."

"పెంకుల్లో కాస్తయినా సారం ఉండదూ?" అని ఉడుము ఏడ్చాడు.

ఇంతలో పులి గాండ్రింపు వినిపించింది. పిట్ట, కొంగ ఎగిరిపోయారు. తాబేలు డిప్పలోకి దూరాడు. పారిపోలేని ఇద్దరూ, ఆ రోజూ సభకొచ్చిన చెంగమ్మ, ఉడుము, పక్కపక్కన మిగిలారు.

"ఇప్పుడు ప్రార్థించండి గురువుగారూ" అంది చెంగమ్మ కోపం పట్టలేక. "ఇవాళ తినేది మీరు కాదు."

నీతి: గుడ్డులో ప్రాణం ఎప్పుడొస్తుందో తేలాలంటే ముందు పెద్దల నడుం విరగాలి.