వాలుతున్న నిలువురాయి

"ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు బావా. నాకు దొరికిపోయినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు" అని ప్రకటించి డిటెక్టివ్ కోటు జేబులోంచి భూతద్దం తీశాడు. మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ లేడని బావకి తెలుసు. కానీ ఆయనకి వేరే గతి లేదు.

బావ రాతియుగం నాటి నిలువురాయికి కాపలాదారు. రోజూ పొద్దున్నే పక్కనే ఉన్న తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒక కన్ను మూసి, ఎదుట ఉన్న 'రక్షిత కట్టడం' బోర్డు స్తంభంతో రాయి అంచు కలుస్తోందో లేదో చూసుకోవడం ఆయన పద్ధతి. ఈమధ్య కలవడం లేదు. రాయి ఎడమకి వాలుతోంది. రేపు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడు. వేల ఏళ్ళు నిలబడ్డ రాయి తన హయాంలో ఒరిగిందంటే ఉద్యోగమూ ఊడుతుంది, ఉంటున్న గదీ పోతుంది. బయట చెప్పుకోలేక భార్య తమ్ముణ్ణి పిలిపించాడు పాపం.

డిటెక్టివ్ రాయి పక్కన బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు. ధబ్ ధబ్‌మని చప్పుడు.

"సొరంగం తవ్వుతున్నారు బావా. అంతర్జాతీయ ముఠా" అన్నాడు గుసగుసగా.

అంతలో చప్పుడు ఆగిపోయింది. ముఠా పసిగట్టేసిందనుకుని లేచి గది పక్కకి పరిగెత్తాడు. అక్కడేదో తెల్లటి ఆకారం కదిలింది. మన వీరుడు వెనకాముందూ చూడకుండా దాని మీదకి దూకాడు. అది అక్క అప్పుడే బండకేసి బాది ఉతికి, కిటికీకీ బోర్డు స్తంభానికీ కట్టిన తాడు మీద ఆరేసిన దుప్పటి. తాడు పుటుక్కున తెగింది. దుప్పటి చుట్టుకున్న డిటెక్టివ్ వెళ్ళి స్తంభాన్ని ఢీకొట్టాడు. స్తంభం అటు వాలిపోయింది.

గుమ్మంలో ఉన్న బావ అలవాటుగా ఒక కన్ను మూశాడు. రాయి ఇప్పుడు కుడికి వాలి ఉంది. రెండో కన్నూ తెరిచి స్తంభాన్ని చూశాడు, తెగిన తాడునీ, రోజూ స్తంభాన్ని కిటికీ వైపు లాగుతున్న తడిబట్టల బరువునీ చూశాడు. సర్కారువారు పాతిన స్తంభం ఒరుగుతుందని ఆయనకి ఇన్నాళ్ళూ తోచనే లేదు.

"వాలింది రాయి కాదే, బోర్డు" అని భార్యతో చెప్పి, అక్కడే చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"సరిగ్గా నేను అనుకున్నట్టే జరిగింది" అంది దుప్పటి.

బావ వెక్కిరించలేదు. "నువ్వు రాకపోతే నేనేమైపోయేవాణ్ణో" అన్నాడు మనస్ఫూర్తిగా.

పుట్టి బుద్ధెరిగాక ఈ డిటెక్టివుని నిజంగా మెచ్చుకున్నవాడు బావ ఒక్కడే. డిటెక్టివ్‌ మట్టికొట్టుకుపోయిన దుప్పటిలోంచి తల బయటపెట్టి బిక్కమొహం వేశాడు.

అక్క వచ్చి అతని చేతిలో సబ్బుబిళ్ళ పెట్టింది.