తాళాలక్క కంప్యూటర్ పాఠాలు

మా విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ విద్యార్థులకు కంప్యూటర్ నైపుణ్యాలు నేర్పి తీరాలని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. నలభై కంప్యూటర్లు వచ్చాయి. వాటికి దుమ్ము పట్టకుండా నలభై గుడ్డ తొడుగులు కుట్టించారు. తొడుగులు మాసిపోకుండా గదికి తాళం వేశారు.

తాళంచెవి అటెండరు దగ్గర ఉండేది. ఆవిడను అందరం తాళాలక్క అనేవాళ్ళం. రోజూ గది తుడవడానికి వెళ్ళి, ఒక్కో మీటా నొక్కి చూస్తూ, ఆర్నెల్లలో స్ప్రెడ్‌షీటును ఆపోశన పట్టింది. భోజనాల వేళ తలుపు దగ్గరగా వేసి విద్యార్థులం మా పదిమందికీ నేర్పేది. అది నిబంధనలకు విరుద్ధం కనుక మేం చాలా శ్రద్ధగా నేర్చుకున్నాం.

ప్రొఫెసరుగారు మాత్రం నిబంధనల ప్రకారం నల్లబల్ల మీద గళ్ళు గీసి కంప్యూటర్ బోధించేవారు. డస్టరుతో తుడిచి, "దీన్నే డిలీట్ అంటారు" అని వివరించేవారు.

ఒకరోజు తనిఖీ అధికారి వచ్చారు. ప్రొఫెసరుగారు తెర ముందు కూర్చుని, యాభై అంకెలను నోటితోనే కూడి, మొత్తాన్ని ఒంటివేలితో టైపు చేశారు. అధికారి అబ్బురపడ్డారు. మంచినీళ్ళు తెచ్చిన తాళాలక్క ఉండబట్టలేకపోయింది.

"అలా కొడితే పైన అంకె మారినా కింద మొత్తం మారదు కదండీ. ఫార్ములా పెట్టాలి."

ప్రొఫెసరుగారు చిరునవ్వు నవ్వారు. "అంకెలెందుకు మారతాయమ్మా? లెక్కల్లో అంకె మారిస్తే దాన్ని మోసం అంటారు."

అధికారి ఆ వాక్యాన్ని నివేదికలోకి ఎక్కించారు. శాఖకు ఉత్తమ శ్రేణి వచ్చింది. ప్రొఫెసరుగారు కంప్యూటర్ విద్యకు డైరెక్టరయ్యారు.

ఏళ్ళు గడిచాయి. మా పదిమందిలో ముగ్గురం అదే శాఖలో అధ్యాపకులమయ్యాం. మొన్న కంప్యూటర్ బోధకుల ఉద్యోగానికి ఎంపిక సంఘంగా కూర్చున్నదీ మేమే. మూడువందల దరఖాస్తుల్లో తాళాలక్కది ఒకటి. పదహారేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి, అనుభవం అపారం, పట్టా లేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముగ్గురికీ మనసు చివుక్కుమంది. అయినా నిబంధన నిబంధనే. దరఖాస్తుల స్ప్రెడ్‌షీటులో పట్టా ఉన్నవాళ్ళే కనబడేలా ఫిల్టర్ పెట్టాం. ఒక్క నొక్కుతో ఆవిడ పేరు మాయమైంది.

సరిగ్గా అప్పుడే ఫైళ్ళు పట్టుకొచ్చిన తాళాలక్క తెరవైపు వంగింది. పైనుంచి కిందిదాకా తన పేరు వెతుక్కుంది. తర్వాత నవ్వి నా భుజం తట్టింది.

"ఫిల్టర్ భలే పెట్టావు బాబూ. ఇది నీ బుర్రకెక్కించడానికి నాకు వారం పట్టింది."

మేం పొంగిపోయాం. గురువు మెప్పు ఊరికే దొరుకుతుందా!