దత్తత వెళ్ళిన కొబ్బరిచెట్టు

ఉప్పలగుప్తం మండలంలో, అంగన్‌వాడీ ఆయాగా రిటైరై ఒంటరిగా ఉంటున్న కృపావతి పెరట్లోని కొబ్బరిచెట్టు భూగోళాన్ని చల్లబరుస్తున్నదని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. దానికి ఆ ఉద్యోగం వేయించినవారు సర్వహిత రొయ్యల కంపెనీవారు. వారి చెరువుల మీద రాత్రింబగళ్ళు డీజిల్ ఇంజన్లు తిరుగుతాయి. ఐసు లారీలు పొగ చిమ్ముకుంటూ పోతాయి. రొయ్యలు మూడు పొరల ప్లాస్టిక్కులో పవళిస్తాయి. ఆ పొట్లం మీద మాత్రం ‘కార్బన్ న్యూట్రల్’ అని పచ్చటి ముద్ర ఉంటుంది. వదిలిన పొగంతా మేమే మింగేశామని దాని భావం. ఆధారం లేకుండా ఇలాంటి మాటలు అచ్చువేయరాదని ఈమధ్య సర్కారు వారు ఆంక్ష పెట్టడంతో, నిజాయితీకి ప్రాణమిచ్చే కంపెనీ ఆధారం కోసం ఊరిమీద పడింది.

కోనసీమలో కొబ్బరిచెట్టు కొడుకుతో సమానం. కనుక కంపెనీ యజమాని మాణిక్యాలరావుగారు షామియానా వేయించి, చెట్టుకు పట్టుపంచె చుట్టి శాస్త్రోక్తంగా దత్తత తీసుకున్నారు. “నేటినుంచి వీడు మా బిడ్డ. వీడు పీల్చే ప్రతి గుక్కా మా పొగే” అని మైకులో కళ్ళొత్తుకున్నారు. కృపావతికి శాలువా కప్పారు. చెట్టునీ, దాని వెనక పెంకుటింటినీ కలిపి ఫొటో తీసి పొట్లం మీద వేశారు. కొడుకు ప్రయోజకుడయ్యాడని ఆవిడ కూడా మురిసిపోయింది.

ఆ కొడుకు ఎప్పటినుంచో ఇంటిమీదికి వాలి ఉన్నాడు. ఆ ఏటి వానలకు మొదలు కదిలింది. తుఫాను వస్తోందని రేడియో చెప్పగానే ఆవిడ భయపడి, చెట్టు కొట్టేవాణ్ణి పిలిపించింది. గొడ్డలి ఎత్తేలోపు కంపెనీ మేనేజరు విజయకుమార్ బండిమీద వచ్చి వాలాడు.

“కొట్టించకండి పిన్నిగారూ. చెట్టు లేకపోతే పొట్లం మీద మాట అబద్ధమైపోద్దండి.”

“దాని కింద పడుకునేది నేను బాబూ.”

“ఆయ్, నిజమేనండి. కానీ దత్తతిచ్చేసేక కన్నతల్లికి హక్కుండదు కదండీ.”

“పోనీ ఇనప తీగేసి పక్క చెట్టుకైనా కట్టించండి.”

“ఇనుము తయారీలో పొగొస్తాదండి పిన్నిగారూ. లెక్క తేడా వచ్చేస్తాది.”

తుఫానునాడు కృపావతి చర్చిలో తలదాచుకుంది కనుక బతికింది. చెట్టు సరిగ్గా ఆవిడ మంచం మీదే పడింది. సగం కప్పు నేలమట్టమైంది. పరిహారం అడుగుదామని ఆవిడ కంపెనీకి వెళితే మాణిక్యాలరావుగారు కుర్చీ వేయించి, ఓపిగ్గా ధర్మం బోధించారు. “నిలబడి ఉన్నన్నాళ్ళే వాడు మా బిడ్డమ్మా. పడిపోయినవాడు మీ కొడుకే. కన్నకొడుకు చేసిన నష్టాన్ని పరాయివాళ్ళని అడగడం పద్ధతేనా?”

వినియోగదారుడు పొరపాటున కూడా మోసపోరాదని కంపెనీ వెంటనే పొట్లం సరిదిద్దింది. ముద్ర పక్కన చుక్కగుర్తు పెట్టి, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘చెట్టు నమూనా మాత్రమే’ అని వేసింది. సాయంగా కృపావతికి రెండు పొట్లాలు ఇచ్చింది. ఆవిడ ఒకటి వెలుతురుకు పట్టుకుని, దానిమీది ఫొటో చూసింది.

“ఇందులో నా ఇంటికి కప్పుందండీ” అంది.

ఫొటోలో ఆ కప్పు ఇంకా ఉంది. ధర కాస్త ఎక్కువైనా మనం ఏరికోరి ఆ పొట్లమే కొంటున్నాం. పచ్చముద్ర చూసి, భూమిని ఓసారి కాపాడి, పులుసు పెట్టుకుంటున్నాం. చెట్టు వెనక కనబడే ఇల్లు ఎవరిదని ఇంతవరకూ మనలో ఒక్కరూ అడగలేదు.