జీలకర్ర లేని వైన్

ఒక వస్తువు గురించి సంపూర్ణ జ్ఞానం కలగాలంటే ఆ వస్తువు ఎక్కడా కంటబడకూడదు. ఈ మహాసత్యాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టి, దానికొక ఆఫీసు, ఒక రబ్బరు స్టాంపు, ఒక సుదీర్ఘ భోజన విరామం ఏర్పాటు చేసిన ఘనత సూరత్‌లోని పానీయ విజ్ఞాన మరియు పాన నివారణ మండలిది. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో వైన్ రకాల మీద సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అదొక్కటే. (రెండోది పెట్టాలని ఎవరికీ తోచలేదు.)

కిరీటి ఆ గడప ఎక్కడానికి కారణం ఉద్యోగం. సూరత్ పక్కనే ఉన్న హజీరాలో బాయిలర్లు తయారుచేసే కంపెనీలో అతను ఏళ్ల తరబడి డిప్యూటీ మేనేజరు. ఇప్పుడు ఫ్రాన్సు నుంచి బాయిలర్లు కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి డామన్‌లో విందు. సరిహద్దు దాటితే చాలు, అక్కడ సీసా మూత తీయడం నేరం కాదు. ఆ విందులో వాళ్ల పక్కన కూర్చుని వైన్ గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగినవాడికే మేనేజరు కుర్చీ అని పైవాళ్లు తేల్చేశారు. దానికి మండలి సర్టిఫికెట్ తప్పనిసరి. కిరీటి పుట్టి బుద్ధెరిగి దగ్గు మందు తప్ప మరే మందూ ముట్టలేదు. అయితేనేం, ఆ కుర్చీ కోసం అతను విషం రకాలైనా చదివేసేవాడు.

పాఠాలు చెప్పేది హస్ముఖ్‌భాయి. ఆయనా జన్మలో వైన్ రుచి చూడలేదు, ఆయనకి నేర్పిన గురువుగారూ చూడలేదు. నిప్పులాంటి పరంపర. అసలు సరుకు లేదు కాబట్టి ప్రతి రకానికీ మండలి ఒక ప్రతినిధిని నియమించింది. రెడ్ వైన్ తరఫున జీలకర్ర పొడి వేసిన కోకం పండ్ల షర్బత్, వైట్ వైన్ తరఫున చెరుకు రసం, బుడగల వైన్ తరఫున నిమ్మసోడా, భోజనం చివర తాగే తీపి వైన్ తరఫున బెల్లం పాకం హాజరయ్యేవి. గులాబి రంగులో ఉండే రోజే వైన్ మాత్రం సిలబస్‌లో లేదు. మండలికున్న ఏకైక పుస్తకంలో ఆ పేజీ మీద సీసా బొమ్మ ఉండటంతో దాన్ని జప్తు చేశారు. (విడిపించడానికి అర్జీ పెట్టారు. అర్జీకి సీసా బొమ్మ జతచేయమన్నారు.)

"దేఖో భాయి," అనేవాడు హస్ముఖ్‌భాయి, షర్బత్ గ్లాసు వెలుగుకి ఎత్తి పట్టుకుని. "రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్కతో సహా పులుస్తుంది. అందుకే వగరు. వైట్‌లో తొక్క తీసేస్తారు, అందుకే పులుపు ముందుకొస్తుంది. ఇప్పుడు ఇది తాగండి. వగరు తగిలిందా? చివర్లో జీలకర్ర? అదే రెడ్ వైన్ ఆత్మ."

కిరీటి 'ఆత్మ: జీలకర్ర' అని రాసుకున్నాడు.

ఇంట్లో సాధన మొదలైంది. భోజనాల దగ్గర చారు గ్లాసులో పోయించుకుని, గిర్రున తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్లు మూసుకునేవాడు. సగం చారు చొక్కా తాగేది. భార్య మధులత కొన్నాళ్లు చూసి, చొక్కా విప్పి కూర్చోమంది. అతను వల్లెవేయడం విని పూజగదిలోంచి తల్లి వెంకటసుబ్బమ్మ అడిగింది.

"పొద్దున్నించీ చదువుతున్నావు, ఏం స్తోత్రంరా అది?"

"వైన్ రకాలమ్మా, వాటి గుణాలు."

"లయ బాగానే ఉంది. ఫలశ్రుతి ఏదీ?"

"మేనేజరు కుర్చీ," అంది మధులత, చొక్కా నానబెడుతూ.

పరీక్ష ముందురోజు కంపెనీ హెచ్.ఆర్.లో పనిచేసే వినోద అతన్ని పక్కకి పిలిచింది. కరీంనగర్ పిల్ల, పెరిగింది సూరత్‌లోని పర్వత్ పాటియా పేటలో. ఆ మండలి సంగతి ఆమెకి క్షుణ్ణంగా తెలుసు.

"సార్, జర ఇనుండ్రి. నాలుగు తప్పులు రాయుండ్రి. అన్నీ సక్కగ రాస్తే, తాగకుంట గిదంత నీకెట్ల తెల్సిందని పట్టుకుంటరు. కేసైతది."

"తెలిసి తెలిసి తప్పెలా రాయనమ్మా?"

"అందరు రాస్తున్నరు గద సార్! గదే పద్ధతి."

కిరీటి మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. పాపం, చదివింది విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో. అక్కడ ఒక్క మార్కు పోతే ఇంటికి ఫోను చేసేవాళ్లు. 'షాంపేన్‌లో బుడగలు ఎందుకు వచ్చును?' అన్న ప్రశ్నకి 'తెలియదు' అని రాయబోయాడు. కళ్ల ముందు వార్డెన్ కనిపించాడు. చివరికి చెయ్యి దాని మానాన అది 'సీసాలో రెండవసారి పులియుట వలన' అని రాసేసి, కింద గీత కూడా గీసింది.

నూటికి నూరు వచ్చాయి. వెంటనే నోటీసూ వచ్చింది. నేరం: తెలియవలసినదానికన్నా ఎక్కువ తెలిసియుండుట.

మండలి విచారణాధికారి పారుల్‌బెన్ ఎదుట కిరీటి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓ మూల హస్ముఖ్‌భాయి ఒత్తిలా మాడిపోయిన మొహంతో కూర్చున్నాడు.

"వైట్ వైన్‌లో తడిసిన రాయి వాసన వచ్చునని రాశారు. ఆ వాసన ఎక్కడ చూశారు?"

"నలభై రెండో పేజీలో మేడమ్."

"వాసన అడుగుతున్నాను."

"అదీ ఆ పేజీలోనే ఉంది మేడమ్, కింది నుంచి మూడో లైను."

నమ్మకం కుదరక ఆమె పేజీ మొత్తం అప్పజెప్పమంది. కిరీటి పేజీ అంకెతో మొదలుపెట్టి అచ్చుతప్పులతో సహా అప్పజెప్పాడు. పారుల్‌బెన్ తల పంకించింది. ఇంత తడుముకోకుండా చెప్పాలంటే బాగా తాగి ఉండాలన్నది ఆమె అనుభవం.

కాబట్టి నిబంధన ప్రకారం ఆఖరి పరీక్ష పెట్టారు. రెండు గ్లాసులు తెచ్చారు. ఒకదాంట్లో జప్తు చేసిన సరుకులోంచి తీసిన అసలు రెడ్ వైన్, రెండోదాంట్లో కోకం షర్బత్. వైన్‌ని గుర్తుపడితే తాగుబోతు. కొత్త కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న కుర్చీ కూడా ఊడుతుంది. గుర్తుపట్టలేకపోతే నిర్దోషి. (పరీక్ష కోసం తాగితే నేరం కాదా అని అడిగాడు కిరీటి. తెలియకుండా తాగినది తాగినట్టు కాదని రూలు చూపించారు.)

మొదటి గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, గుటక వేశాడు. ఎరుపు సరే. పులుపు సరే. వగరు సరే. చివర్లో, అయ్యో భగవంతుడా, జీలకర్ర! రెండో గ్లాసు నోట్లో పోసుకున్నాడు. ఏదో మురిగిపోయిన నేరేడుపళ్ల కషాయం, పైగా గొంతు మంట. ఇక సందేహం లేదు. అబద్ధమాడదామంటే నాలుక తిరగలేదు. తల్లి, మధులత, బ్యాంకు వాయిదాల ఫ్లాటు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి బావురుమన్నాడు.

"మొదటిదే వైన్ మేడమ్! గుర్తుపట్టేశాను. నన్ను క్షమించండి, సంసారం గలవాణ్ణి!"

హస్ముఖ్‌భాయి లేచి వచ్చి శిష్యుణ్ణి కావలించుకున్నాడు. పారుల్‌బెన్ సంతృప్తిగా సర్టిఫికెట్ మీద స్టాంపు గుద్దింది. 'ఇతనికి వైన్ గురించి సమస్తం తెలియును. వైన్ అంటే ఏమిటో తెలియదు. ఆ విధంగా అన్ని అర్హతలూ కలవు.'

డామన్ విందులో ఫ్రెంచి బృందంలోని పెద్దాయన తన సొంత తోట ద్రాక్షతో చేసి, తాతల నాటి నేలమాళిగలో నిలవ ఉంచిన సీసా తన చేత్తో తెచ్చాడు. మొదటి గ్లాసు కిరీటికే పోశాడు. కంపెనీ పెద్దలందరూ కుర్చీలు అటు తిప్పుకున్నారు. కిరీటి గ్లాసు తిప్పాడు. వాసన చూశాడు. గుటక వేసి, మర్యాదగా కింద పెట్టాడు.

"ఏమీ అనుకోకండి. ఎవరో మిమ్మల్ని మోసం చేశారు. ఇది వైన్ కాదు."

పెద్దాయన మొహం పాలిపోయింది. "మా తోటది! మా తాత నాటిన తీగలు!"

"కావచ్చు. కానీ జీలకర్ర ఏదీ?"

అని, జేబులోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పరిచాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆ స్టాంపుని చాలాసేపు చూశాడు. తన గ్లాసులోంచి ఇంకో గుటక వేసి, కళ్లు మూసుకుని, నాలుక మీద వెతుక్కున్నాడు. జీలకర్ర దొరకలేదు. సిగ్గుతో సీసాకి మూత పెట్టి, బల్ల కిందకి జరిపాడు. ఎంతైనా ఆ బల్ల దగ్గర సర్టిఫికెట్ ఉన్నవాడు కిరీటి ఒక్కడే.