కమిటీ తొక్కిన బ్రేకు

ఇకమీదట భిలాయిలో ఏ లారీ బ్రేకూ ఫెయిల్ కాకూడదని మంత్రిగారు ఆదేశించినట్టు క్యాంప్ 2 అంతటా మైకులో చాటించారు. ఆదేశం బ్రేకులకు చేరిందో లేదో గానీ, అమలు చేసే భారం మాత్రం పార్టీ రవాణా విభాగం అధ్యక్షుడు గురునాథరావు మీద పడింది.

ఆ పదవికి అతను అన్నివిధాలా తగినవాడు. విజయనగరం నుంచి వచ్చి చాలా ఏళ్ళు బ్రేకుల షాపు నడిపాడు. తెల్ల కుర్తా తొడిగిన రోజు నుంచి మాత్రం పానా ముట్టలేదు. "సేతికి గ్రీజుంటే మెడలో దండెవడేస్తాడు?" అని తనమీద తనే నవ్వుకునేవాడు.

మరోదా పేట మైదానంలో సభ. ఓ సేఠ్ దగ్గర అడిగి తెచ్చి దండలేసిన మినీ లారీ ఒకటి పరుగున వచ్చి వేదిక ముందు ఆగి చూపించాలి. పొద్దున్నే గురునాథరావు క్యాబిన్ ఎక్కి పెడల్ తొక్కాడు. దూదిమూట మీద కాలేసినట్టు నేలదాకా దిగిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కితే కాస్త గట్టిపడింది. అంటే గొట్టాల్లో గాలి చేరింది. దిగి చూస్తే వెనక చక్రం లోపలి వైపు బ్రేక్ ఆయిల్ తడి. అక్కడి సిలిండర్లో రబ్బరు పోయిందని తెలిసిపోయింది. తెలిసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. అధ్యక్షుడికి ఇలాంటివి తెలియడం హోదాకి మంచిది కాదు.

"మనోజ్ బాబూ, ఈ బండి కదలకూడదు. బ్రేకు లేదు," అన్నాడు మంత్రిగారి పీఏ మనోజ్‌కుమార్‌తో.

"అరే అంకుల్, టెన్షన్ మత్ లో. కదలకపోతే ఇంకా మంచిది కదా! ఆగి ఉన్న బండి కంటే సేఫ్ బండి ఏముంటుంది?"

చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, బంతిపూలతో కప్పారు. మంత్రిగారు డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కారు. బండి కదల్లేదు. "రుక్ గయీ!" బండి ఆగిందని మైకులో ప్రకటించారు. మైదానం చప్పట్లతో మారుమోగింది. ఆ విజయాన్ని కాదనడం ప్రతిపక్షానికి కూడా సాధ్యం కాదు.

మంత్రిగారికి ఉత్సాహం వచ్చింది. ముందు వరసలో ఉన్న బడిపిల్లల్ని లారీ ఎక్కించి ఊరంతా ఊరేగించమన్నారు. కార్యకర్తలు దిమ్మలు లాగేశారు. డ్రైవరు కొర్నేలి ఇంజను స్టార్ట్ చేశాడు. పిల్లలు కేరింతలు కొడుతూ ఎక్కుతున్నారు.

గురునాథరావు వేదిక వైపు రెండడుగులు వేసి ఆగాడు. బ్రేకు లేదని అందరి ముందూ ఎలా చెబుతాడు? చెబితే పదవి పోతుంది. ఇన్నేళ్ళ రాజకీయంలో బండి ఆపడానికి నేర్చుకున్న విద్య ఒక్కటే అక్కరకొచ్చింది. పరుగెత్తి లారీ ముందు రోడ్డు మీద అడ్డంగా పడుకున్నాడు.

"రాస్తారోకో! హమారీ మాంగే పూరీ కరో!"

కార్యకర్తలందరూ కారణం అడక్కుండా పక్కనే పడుకున్నారు. అలవాటు అలాంటిది.

"క్యా మాంగ్ హై?" మీ డిమాండేమిటని అడిగారు మంత్రిగారు.

ఇక దాచడానికి లేదు. "సాబ్, ఈ బండి బ్రేకు బాగు చేయించాలి."

మంత్రిగారు పిల్లల్ని దించమన్నారు. తరవాత మైకు అందుకుని విచారణ కమిటీ వేశారు. గురునాథరావే చైర్మన్. నివేదిక వచ్చేదాకా బండిని ఎవరూ ముట్టుకోరాదు.

మర్నాడు కొర్నేలి వచ్చాడు. "గురుబాబూ, రేపట్నుంచి సిమెంటు లోడు ఎయ్యమన్నాడు మా సేఠ్. మీ కమిటీ ఎప్పుడు కూకుంటాది?"

"ముట్టుకోవద్దన్నారు కదరా!"

"అది బాగుసేసేటోళ్ళకంట. లోడేసేటోళ్ళకి కాదంట."

ఆ మధ్యాహ్నమే గురునాథరావు కుర్తా విప్పి లారీ కింద దూరాడు. కొత్త రబ్బరు వేశాడు. సీలు తీయని డబ్బాలోంచి బ్రేక్ ఆయిల్ పోశాడు. పెడల్ తొక్కడానికి భార్య నూకరత్నాన్ని పిలిచాడు.

"కమిటీలో ఆడోళ్ళుంటారేటండీ?"

"ఇప్పుడున్నారు. తొక్కి పట్టుకో."

పెడల్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి ఒక్కో చక్రం దగ్గరా మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీసి, మళ్ళీ బిగించాడు. "వదల్లేదు కదా?"

"మీరు సెప్పేదాకా వదల్నండీ. షాపు రోజుల నుంచీ అదే కదా నా ఉద్యోగం."

చివరికి పెడల్ రాయిలా నిలబడింది. ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూశాడు. బండి అన్న చోట ఆగింది. చాలా కాలానికి తను చేసిన పని ఒకటి నిజంగా పనిచేసింది. సిగ్గూ సంతోషమూ కలిసి నవ్వొచ్చింది.

తీర్మానం లేకుండా బండి ముట్టుకున్నందుకు సాయంత్రానికి చైర్మన్ పదవి పోయింది. స్మృతి నగర్ టైలరు లక్ష్మీప్రసాద్ కొత్త చైర్మన్ అయ్యాడు. పెడల్ విషయంలో అతనికి కుట్టుమిషను మీద అపార అనుభవం ఉంది. కమిటీ లారీ ఎక్కి, తొక్కి, దిగింది.

పేపర్లో వచ్చిన వార్తను గురునాథరావు భార్యకి చదివి వినిపించాడు. "బ్రేకులు దివ్యంగా ఉన్నాయని విచారణలో తేలింది. లోపముందన్న గురునాథరావు ఆరోపణ నిరాధారం."

"అబద్దాలు రాసినారేటండీ!"

"నేదే. బ్రేకులు బాగున్నాయంటే బాగున్నాయి కదా!" పడీపడీ నవ్వాడు.

"కిందింకా ఏదో ఉన్నాది."

చదివాడు. "దీన్నిబట్టి జిల్లాలోని మిగతా లారీల బ్రేకులు కూడా బాగున్నట్టే కమిటీ నిర్ధారించింది."

నవ్వు ఆగిపోయింది. నూకరత్నం పెడల్ తొక్కిన తన కుడికాలు వైపు చూసుకుంది.

"ఎన్ని బళ్ళుంటాయేటండీ?"