తువ్వాలు కింద పన్ను

మనిషి పుట్టింది పన్ను కట్టడానికేననీ, పంట పెట్టడం, పెళ్లి చేసుకోవడం, ముసలివాడు కావడం లాంటివన్నీ మధ్యమధ్యలో తీరిక దొరికితే చేసుకునే పనులనీ నా స్థిరమైన అభిప్రాయం. ఈ సత్యం పూర్వం రాజులకు మాత్రమే తెలుసు. ఇప్పుడు సెల్‌ఫోన్ కొన్న ప్రతివాడికీ తెలుసు. (వాయిదాల మీద, అంటే మా పక్క కంతుల మీద, కొన్నవాడికి నెలనెలా తెలుస్తుంది.)

చౌడేపల్లె అంజినప్పకు ఈ జ్ఞానం కలిగిన విధం చెబుతాను. అంజినప్ప పశువుల దళారి. పుంగనూరు సంతలో అతని బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పాత ఆవును ఇచ్చి కొత్త ఆవును తోలుకుపోయేవాడు మధ్య తేడా కడతాడు. అంజినప్పకు ముట్టే దళారీ రుసుము కూడా ఆ తేడా మీదే. మొత్తం ధర మీద దళారీ తీసుకుంటే కళ్లు పోతాయని అతని నమ్మకం.

అతని భార్య కృష్ణమ్మ రెండావుల పాలు పాలకేంద్రానికి పోస్తుంది. ఇదివరకు డబ్బు చేతికిచ్చేవాళ్లు. చేతికిస్తే అది నిజంగానే చేతిలో పడిపోతున్నదన్న లోపాన్ని కనిపెట్టి, కేంద్రంవాళ్లు ఒక యాప్ పెట్టారు. పదిహేను రోజులకోసారి కృష్ణమ్మ ఆ యాప్‌కు ముఖం చూపించి, తాను కృష్ణమ్మేనని ఒప్పించాలి. అప్పుడే డబ్బు బ్యాంకులో పడుతుంది. (ఆవులను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.) పోయిన నెల ఆ యాప్ ఉన్నట్టుండి "ఈ పరికరం ఇకపై అర్హమైనది కాదు" అని ప్రకటించింది. ఫోన్ ఆఖరి కంతు తీరింది కూడా అదే నెల. రెండింటికీ సంబంధం ఉందని నేననను. కృష్ణమ్మ అంటుంది.

పాల బిల్లు ఆగింది. బిల్లు ఆగిందని దాణా అంగడివాడు అప్పు ఆపాడు. శుక్రవారం లోపల ముఖం చూపకపోతే పాలు పోసేవాళ్ల జాబితాలో కృష్ణమ్మ పేరు కొట్టేస్తామని కేంద్రంవాళ్లు చెప్పారు. దాంతో మొగుడూ పెళ్లాలిద్దరూ మదనపల్లెకు బయలుదేరి నన్నూ తోడు పిలిచారు. నేను పేపరుకు రాస్తానని అంజినప్పకు తెలుసు. రాసేవాడికి చదవడం కూడా వచ్చి ఉంటుందని అతని ఊహ.

ఫోన్ల అంగడిలో రిజ్వాన్ అనే కుర్రవాడు మాకు ఎదురొచ్చాడు. అమ్మకాల శాఖ, అప్పుల శాఖ, పాత ఫోన్ల మదింపు శాఖ, ఈ మూడింటికీ అతనే అధిపతి. శాఖ మారినప్పుడల్లా కుర్చీ మారతాడు. మదింపు కుర్చీలో కూర్చుని పాత ఫోన్‌ను ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పాడు. పళ్లు చూసి ఆవు వయసు చెప్పే అంజినప్ప, సాటి విద్వాంసుణ్ణి చూసినట్టు గౌరవంగా చూశాడు.

"పద్దెనిమిది వందలొస్తాదప్పా," అన్నాడు రిజ్వాన్.

"కొన్నబ్బుడు దీనికి కట్టిన పన్నే పద్దెనిమిది వందలు," అంది కృష్ణమ్మ.

ఆమె చెప్పింది నిజమే. పదివేల ఫోన్‌కు అంతే అవుతుంది. అంటే వాళ్లు ఆ పన్నును రెండేళ్లు జాగ్రత్తగా వాడుకుని, ఏమీ తరగకుండా తిరిగి తెచ్చారు. ఫోన్ ఒక్కటే అరిగిపోయింది.

కొత్త ఫోన్ పదిహేను వేలు. పన్ను రెండు వేల ఏడు వందలు. బిల్లులో దాన్ని కేంద్ర ప్రభుత్వానికి సగం, రాష్ట్రానికి సగం అని రెండు వరుసల్లో వేస్తారు. (ఒకేసారి చూస్తే జనం తట్టుకోలేరని కాబోలు.)

"పాతది ఇస్తాండాం గదా నాయనా. దాన్ని తీసేసి, మిగిలిందానికి పన్నెయ్యి," అన్నాడు అంజినప్ప.

"అట్ల కాదప్పా. ముందు మొత్తం ధరకు పన్ను. పాతది ఆమీద తీసేది."

"ఆవును మార్సుకుంటే పన్నే ల్యాదే."

"ఇది ఆవు కాదు గదప్పా."

ఇది ఆవు కాదన్న సంగతి అంజినప్ప కాసేపు ఆలోచించాడు. ఆవైతే పాలైనా ఇచ్చేది. ఇది పాల డబ్బులిస్తుందట, అదీ ముఖం చూపిస్తే.

"కుప్పం దాటి పోతే తగ్గుతాదా?" అని అడిగాడు.

మా పక్కవాళ్లకు కుప్పం ఒక ఊరే కాదు, ఒక ఆశ కూడా. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. పెట్రోలు ఎక్కడ చవకైతే అక్కడికి బండి తిప్పుకోవచ్చు. ఆ ఆశను రిజ్వాన్ అప్పుల కుర్చీలోకి మారుతూ తుంచేశాడు.

"దేశమంతా ఒకటే పన్నప్పా. యాడికి పోయినా నూటికి పద్దెనిమిదే."

అప్పుడు అంజినప్ప తనకు తెలిసిన న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. భుజం మీది తువ్వాలు తీసి గాజుబల్ల మీద పరిచి, దాని కిందికి చెయ్యి పోనిచ్చి, రిజ్వాన్ ముఖంలోకి చూశాడు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వంగారు. రిజ్వాన్ చెయ్యి దానంతటదే తువ్వాలు కిందికి పోయింది. వాళ్ల నాన్న మహబూబ్ బాషా పుంగనూరు సంతలోనే ఎడ్లు అమ్మినవాడు మరి. వేళ్లు చాలాసేపు మాట్లాడుకున్నాయి. ఫలితంగా ఒక పౌచూ, తెరకు అతికించే ఒక గాజూ ఉచితంగా వచ్చాయి. పన్ను మాత్రం ఉన్న చోటే ఉంది.

"నా చేతిలో ఉండేది నేను తగ్గిస్తినప్పా," అన్నాడు రిజ్వాన్ చెయ్యి తీసేస్తూ. "తువ్వాలు కింద పెట్టేదానికి పన్నుకు ఈడ చెయ్యి ల్యాదు."

"మరి యాడుండాది?"

"సిస్టమ్‌లో." పన్ను తగ్గించి కంప్యూటర్‌లో కొట్టి చూపించాడు. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. "సూడు, సిస్టమ్ తీసుకోదు."

తర్వాత వడ్డీలేని అప్పు గురించి చెప్పాడు. వడ్డీ లేకుండా అప్పిచ్చేవాణ్ణి అంజినప్ప జీవితంలో చూడలేదు కాబట్టి భయపడ్డాడు. భయపడినట్టే అయింది. వడ్డీ లేదు గానీ, వడ్డీ లేకుండా ఇచ్చినందుకు ఐదు వందల ఫీజు ఉంది. ఫీజుకు తొంభై రూపాయల పన్నుంది.

"ఏడాదిలో కంతులు తీరిపోతాయమ్మా," అని ధైర్యం చెప్పాడు రిజ్వాన్.

"తీరిన నెలకే మళ్లా వస్తాంలే. కుర్చీ అట్లే పెట్టుండు," అంది కృష్ణమ్మ.

గురువారం సాయంత్రం కృష్ణమ్మ కొత్త ఫోన్‌కు ముఖం చూపించింది. యాప్ ఆమెను కృష్ణమ్మగా అంగీకరించింది. ఆగిన డబ్బంతా పడిందని ఒక మెసేజ్ వచ్చింది. నెల తిరగకముందే, మొదటి కంతు పట్టుకున్నామని ఇంకో మెసేజ్ వచ్చింది. మిగిలినదానితో రెండు దాణా మూటలకు బదులు ఒకటే వచ్చింది. ఆ పూట కృష్ణమ్మ ఆవుల ముఖాలు చూడలేకపోయింది. నాకూ కష్టంగానే అనిపించింది, కానీ నేను రాసేవాణ్ణి గదా, రాసుకున్నాను.

ఆ తర్వాతి సంతకు రిజ్వాన్ వచ్చాడు. మహబూబ్ బాషాకు మోకాళ్ల నొప్పులు, రాలేడు. ఇంట్లో వట్టిపోయిన ఆవును ఇచ్చి పాలిచ్చే ఆవును తోలుకుపోవాలి. అంజినప్ప మంచి ఆవునే చూపించి, దళారీ ఎంతో చెప్పాడు.

"ఇంతనా?" అన్నాడు రిజ్వాన్. "నా ఆవును ఇస్తాండా గదప్పా. తేడా మీద గదా నువ్వు తీసుకునేది?"

"ముందు మొత్తం ధరకు దళారీ. నీ ఆవును ఆమీద తీసేది."

"ఎబ్బుడూ ఇట్ల ల్యాదే. తువ్వాలు పరసప్పా, మాట్లాడుకుందాం."

అంజినప్ప భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, నెమ్మదిగా తలకు చుట్టుకున్నాడు.

"సిస్టమ్ తీసుకోదు నాయనా."

రిజ్వాన్ చాచిన చెయ్యి అట్లాగే ఉంది. "ఎన్నాళ్లుంటాదప్పా ఈ సిస్టమ్?"

"ఎన్నాళ్లో ఎందుకుంటాది," అన్నాడు అంజినప్ప. "మీ అంగట్లో నా కంతులు తీరేదాకా."