ఖాళీగా తిరిగిరాని పళ్ళెం

ఆ ఉదయం ఓరియే వేసుకున్న ప్రణాళిక చిన్నది: పెట్టెడు ఆపిల్స్‌ను సాయంత్రంలోగా పఫ్‌లుగా మార్చడం. ఉత్తర జపాన్‌లోని హిరోసాకిలో ఏటా శరత్కాలపు వీధి సమావేశానికి పఫ్‌లు చేసి పంపేది ఆమె అత్తవారు, నరితా వారి ఇల్లే. ఈసారి అత్తగారు తోమెకు మణికట్టు నొప్పి. ఒసాకా నుంచి కోడలిగా వచ్చి పదకొండేళ్ళయినా, ఓరియే చేసిన పఫ్ ఒక్కటీ పొరలు విడలేదు.

"సాయంత్రానికి పెట్టె ఖాళీ చేసి చూపించు. లేకపోతే పఫ్‌లకు దుకాణంలో చెప్పేస్తా," అన్నది తోమె. "మనింటి పేరు మీద అట్టముక్కలు పంపలేను కదమ్మా."

తప్పు తన చేతిదా అని ఓరియే చాలాకాలం ఆలోచించింది. కాదని ఈమధ్యే తేలింది. అత్తగారి మోకాళ్ళకు వెచ్చగా ఉండాలని వంటింట్లో రోజంతా వెలిగే కిరోసిన్ స్టవ్ వేడికి, మడతల మధ్య వెన్న కరిగిపోతున్నది. అందుకే ఈసారి పీటను వెనక వరండాలోకి మోసుకుపోయి, కోటు వేసుకుని, వెన్న పెట్టిన పిండిని మడిచి, చల్లార్చి, మళ్ళీ మడిచింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నానికి పుల్లని ఎర్ర ఆపిల్ ముక్కలు దాచుకున్న పఫ్‌లు, ఓవెన్‌లో పొరపొరగా లేచి నిలబడ్డాయి.

ఆ సంతోషంలో ఇరుగుపొరుగు రెండిళ్ళకు రుచి చూడమని పంపింది. పొరపాటు అక్కడ జరిగింది.

పక్కింటి మికామి కడిగిన పళ్ళెంలో ఆరు ఆపిల్స్ పెట్టి తెచ్చింది. "ఖాళీ పళ్ళెం ఎలా ఇస్తానమ్మా? మా తోటవే."

ఆరు ఆపిల్స్ పుచ్చుకుని ఊరుకోవడం మర్యాద కాదు. ఓరియే మళ్ళీ పఫ్‌లు పంపింది. పది ఆపిల్స్ వచ్చాయి. ఎదురింటి కుదో గారు పళ్ళెం చాలక బకెట్ తెచ్చారు. దయకు ఎక్కడో ఒకచోట తృప్తి ఉంటుంది, మర్యాదకు ఉండదు. మూడు గంటలకు పెట్టె పొంగి, రెండోది తెరవవలసి వచ్చింది.

"నువ్వు పఫ్‌లు చేస్తున్నావా, ఆపిల్స్ పండిస్తున్నావా?" అన్నాడు భర్త యసుయో.

ఐదింటికి తోమె వచ్చి చూసింది. "పెట్టె ఖాళీ కాలేదే."

"కాలేదత్తయ్యా. రెండయ్యాయి."

తోమె కూర్చుని, పళ్ళెంలో మిగిలిన ఒక్క పఫ్‌ను కొరికింది. పొరలు ఒడినిండా రాలాయి. తడి వేలితో ఒక్కొక్కటీ అద్దుకుని తిన్నది. లేచి, నొప్పి చేత్తోనే పళ్ళెం కడిగింది. ఇక దుకాణానికి ఫోన్ చేస్తుందని ఓరియే తలవంచుకుంది.

తోమె పెట్టెలో వెతికి నిగనిగలాడే ఆపిల్ ఒకటి తీసి, పళ్ళెంలో పెట్టి, పొరుగింటావిడకు ఇచ్చినట్టు రెండు చేతులా వంగి అందించింది.

"రేపటి సమావేశానికి ఎనభై చెయ్యి. ఆ స్టవ్ నేనే ఆర్పేస్తాలే."

ఓరియే రెండు చేతులా అందుకున్నది. రెండు పెట్టెల్లోనూ చోటు లేదు కనుక, మూడోది ఆ ఆపిల్‌తో మొదలైంది.